బుచ్చవ్వ విన్న సినిమా

మా యూనివర్సిటీ ఫిల్ము క్లబ్బులో నాకొక పని ఉండేది. నేను అడిగి తెచ్చుకున్నది కాదు, వదిలించుకుందామంటే వదిలేదీ కాదు. నెలకొక శనివారం సాయంత్రం ఏదో ఒక విదేశీ సినిమా వేసేవారు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మైకు పట్టుకుని, అందులో ఇంగ్లీషులో చెప్పేదంతా నేను తెలుగులో చెప్పాలి. ప్రొఫెసర్ల భార్యలు, అటెండర్ల పిల్లలు, తోటమాలీలు, హాస్టలు వంటవాళ్లు అందరూ వచ్చేవారు. గోధుమ తెగుళ్ల గురించి, దోమల గురించి, హాలండులో సముద్రానికి కట్ట ఎలా వేశారో దాని గురించి ఆ హాల్లో నేను గంటలకొద్దీ మాట్లాడాను. నా ఇంగ్లీషు క్లాసులో నిద్రపోయే కుర్రాళ్లు కూడా దోమల సినిమాకు లేచి కూర్చునేవారు.

సినిమా డబ్బాలతో పాటు అందులోని మాటలు టైపు చేసిన కాగితాలు వస్తాయి. వాటిని నేను ముందే తెలుగు చేసి పెట్టుకుంటాను. ఒక్కసారి మాత్రం కాగితాలు రాలేదు. అది ఏ భాషో కూడా తెలియలేదు. కథ నేనే అల్లుకుంటూ పోయాను. నేను మేనమామ అని చెప్పిన మనిషి ఆఖర్న ఆ అమ్మాయినే పెళ్లాడాడు. నాకు చెమటలు పట్టాయి. జనం మాత్రం మేనరికమే గదా అనుకుని సంతోషంగా ఇళ్లకు వెళ్లారు. మన ఆచారాలు ఒక్కోసారి మనిషిని అలా కాపాడతాయి.

ఇది అరవై ఎనిమిది వానాకాలం సంగతి.

తార్నాకలో ఒక ఇంటి వెనకవైపు రెండు గదులు, ఒక వరండా నావి. నా భార్య రాజేశ్వరి జబ్బు పడ్డప్పుడు వంటకు కుదిరింది బుచ్చవ్వ. రాజేశ్వరి పోయాక ఇక రావద్దని నేను చెప్పలేదు, వస్తానని ఆమె చెప్పలేదు. కర్మకాండలు ముగిసి చుట్టాలంతా కర్నూలు రైలెక్కిన మర్నాడు, పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగింది. అంతే. అప్పటికి మూడేళ్లయింది.

బుచ్చవ్వ వెంట మనవరాలు సారలమ్మ వచ్చేది. ఎనిమిదేళ్ల పిల్ల. తల్లి లేదు. తండ్రి బొంబాయి మిల్లుకు పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. ఆ పిల్లకు అక్షరాలు నేర్పింది నేనేనని చెప్పుకుంటాను గానీ, నిజానికి అలమరలో పరిచిన పాత పేపర్లు నేర్పాయి.

"సారూ, మంత్రి ఏమన్నడు?"

"ఏ మంత్రి?"

"గీడున్నడు గద. 'మంత్రి తీవ్రంగా' అని రాసున్నది. మిగిలింది పప్పుడబ్బ కిందున్నది."

"డబ్బా ఎత్తి చూడు."

"అవ్వ కొడ్తది."

తీవ్రంగా ఖండించి ఉంటాడని నేను చెప్పేదాకా వదిలేది కాదు. దేన్ని ఖండించాడంటే, అది ఉప్పుడబ్బా కింద ఉండేది.

ఈ ముచ్చట నేను అరుంధతిగారికి చెప్పాను. అరుంధతిగారు ఒక ప్రొఫెసరుగారి భార్య. ఫిల్ము క్లబ్బుకు అధ్యక్షురాలు, మహిళా సమాజానికి అధ్యక్షురాలు. కాంపస్‌లో ఏదైనా అధ్యక్షులు లేకుండా నడుస్తోందని తెలిస్తే ఆవిడకు మనసు మనసులో ఉండదు. మంచి మనిషి.

"ఇంత తెలివైన పిల్ల బడి లేకుండా మీ ఇంట్లో గిన్నెలు తుడుస్తోందా కేశవులుగారూ?" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవలసిన మాటే.

వారం తిరక్కుండా ఒక గుడ్డసంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇందులో రెండున్నాయి. ఒకటి శనివారం వేసే సినిమా తాలూకు కాగితాలు. ఆస్ట్రేలియా నుంచి వచ్చాయి, రెండు చిన్న సినిమాలు. అక్కడి ఆదివాసుల పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయి ఆశ్రమాల్లో పెంచుతారట. ఒకటి ప్రభుత్వం తీయించింది, ఒకటి ఎవరో విద్యార్థులు తీసింది. రెండూ చూపిస్తే చర్చకు బావుంటుంది."

"రెండోది?"

"రెండోది మీ పిల్ల భవిష్యత్తు" అంది.

అది ఒక బాలికల ఆశ్రమం దరఖాస్తు. ఎక్కడో దూరాన, రాత్రి రైలెక్కితే పొద్దున దిగే ఊళ్లో ఉంది. చదువు, తిండి, బట్ట అన్నీ వాళ్లవే. నాలుగు పేజీల ఇంగ్లీషు. మొదటి పేజీ చదివేసరికి నా కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లతో మనిషి రెండో పేజీకి వెళ్లడు.

బుచ్చవ్వను పిలిచి చెప్పాను. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎంత దూరం సారూ?"

"రాత్రి ఎక్కితే పొద్దున."

"పండుగలకు తోల్తరా?"

"ఎందుకు పంపరు?"

"పోరి ఏడిస్తే?"

"నాలుగు రోజులు ఏడుస్తుంది. తర్వాత అలవాటవుతుంది."

"ఇందుల గదే రాసున్నదా? మీరు మొత్తం చదివిన్రు గద?"

"చదివాను" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు ఆ క్షణంలో నిజంగా తెలియదు.

"మీరు చదివిన్రంటే చాలు" అని బుచ్చవ్వ వేలిముద్ర వేసింది. వేసి, అది సరిగా పడిందో లేదోనని మెడ వంచి చూసుకుంది.

శనివారానికి ఇంకా ఐదు రోజులున్నాయి. సినిమా మాటలు నేను మామూలుగా కాంపస్‌లో ఫిల్ము గదిలో, ప్రొజెక్టరు నడిపే రాజలింగు ముందు పైకి చదివి సరిచూసుకుంటాను. ఆ వారం ఆ గది కప్పు కారుతోంది. రాజలింగు ప్రొజెక్టరు మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. అందుకని ఇంట్లోనే వరండాలో, చేతిగడియారం ఎదురుగా పెట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ చదివాను. లోపల బుచ్చవ్వ బీరకాయ చెక్కు తీస్తోంది.

"తెల్లవారకముందే లారీ వస్తుంది!" అన్నాను, మైకు గొంతుతో. నాకు రెండు గొంతులున్నాయి. ఒకటి నాది. రెండోది మైకు దగ్గర వచ్చేది. "తల్లులు పిల్లలను దాచడానికి ప్రయత్నిస్తారు. పాపం, అది వారి అజ్ఞానం."

గడియారం చూసుకుని నాలుగు సెకన్లు ఆగాను.

"ఇక్కడ పిల్లలకు శుభ్రమైన పడక ఉంటుంది. వేళకు తిండి ఉంటుంది. కొత్త పేరు ఉంటుంది. పాత భాష మాట్లాడనివ్వరు. తల్లి కొన్నాళ్లు ఏడుస్తుంది. తరువాత మరచిపోతుంది. ఇదంతా పిల్లల మేలు కోరియే!"

ఆ ఆఖరి వాక్యం నాకు బాగా కుదిరింది. మూడుసార్లు చదివాను, మూడుసార్లూ వేరువేరు చోట్ల నొక్కి. లోపల బీరకాయ చెక్కే చప్పుడు ఆగిపోయింది. నా తెలుగు వింటోంది గామోసు అనుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఆ కాగితాలు తెలుగు చేస్తుంటే నాకు మనసు చివుక్కుమంటూనే ఉంది. ప్రభుత్వం తీయించిన సినిమాలో ఎక్కడా తల్లి మాట్లాడదు. పిల్లలు వరసగా నిలబడి పళ్లు చూపిస్తారు, చేతులు చూపిస్తారు, పాట పాడతారు. ఎంత గుడ్డి ప్రభుత్వమయ్యా అనుకున్నాను. అనుకుంటూనే, అదే బల్ల మీదున్న ఆశ్రమం దరఖాస్తు తీసి మడిచి, కవరులో పెట్టి, పోస్టు చేద్దామని సంచిలో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున పొయ్యి వెలగలేదు.

ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. పాల లచ్చయ్య వచ్చాడు. నేను గిన్నె పట్టుకుని వెళితే, "పాలు లేవు సారూ" అన్నాడు. క్యాను అంచుదాకా నిండి ఉంది.

"అవేమిటి లచ్చయ్యా?"

"గవి పిల్లలున్న ఇండ్లకు" అన్నాడు, ఆకాశం వైపు చూస్తూ.

మూల మీద ఇస్త్రీ పోచయ్య నా చొక్కాలు ముడతలతోనే తిరిగిచ్చాడు. "బొగ్గులు తడిసినయి సారూ." అతని వెనకాల ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎర్రగా నవ్వుతున్నాయి. చాయ్ హోటల్లో నా ఎదురుగా కూర్చున్నతను కప్పు తీసుకుని వేరే బల్లకు వెళ్లాడు. తార్నాకలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నన్ను చూసి ఎవరైనా పిల్లను చంకనెత్తుకోవడం అదే మొదటిసారి.

చివరికి రాజలింగు చెప్పాడు. గొడుగు కింద ప్రొజెక్టరుకు నూనె వేస్తూ, తలెత్తకుండా, "సారూ, మీరేం జేసిన్రు?" అన్నాడు.

"ఏం చేశాను?"

"బుచ్చవ్వ పోరిని తీస్కోని లాలాగూడల తమ్ముని క్వార్టర్ల కూసున్నది. మీరు పోరిని లారీ ఎక్కిస్తున్నరంట. పేరు మారుస్తున్నరంట."

"ఏ లారీ?"

"నాకేం ఎర్క? మీరే అన్నరంట. మూడుసార్లు అన్నరంట. మూడోసారి నవ్వుకుంట అన్నరంట."

అప్పటికి గాని నాకు బీరకాయ చప్పుడు ఎందుకాగిందో తెలియలేదు.

మూడో రోజు సాయంత్రం లాలాగూడ వెళ్లాను. వాన. రైల్వే వర్కుషాపు దాటాక వరస క్వార్టర్లు. బుచ్చవ్వ తమ్ముడు సమ్మయ్య వర్కుషాపులో ఖలాసీ. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. గుమ్మం వెడల్పూ అతని వెడల్పూ ఒకటే. అతని వెనకనుంచి బుచ్చవ్వ గొంతు మాత్రం వస్తోంది. చుట్టుపక్కల ఆడవాళ్లు చూరుల కింద చేరారు.

"బుచ్చవ్వా, అది సినిమా."

"ఏం సినిమా? తెర లేదు, బొమ్మ లేదు. నువ్వొక్కనివే వరండల తిరుక్కుంట చదివినవ్." బుచ్చవ్వకు కోపమొస్తే 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది. అదొచ్చిందంటే నేను తలదించుకుంటాను.

"అది ఆస్ట్రేలియా సినిమా. సముద్రం అవతల దేశం. అక్కడి పిల్లలు వాళ్లు. శనివారం హాల్లో వేస్తారు. నేను ముందుగా చదువుకుంటున్నాను."

"సముద్రం అవతల ముచ్చట తార్నాకల ఎందుకు చదువుతవ్?"

దీనికి జవాబు అరుంధతిగారి దగ్గర ఉండేది.

సమ్మయ్య గొంతు సవరించుకున్నాడు. "సరే సారూ. గది సినిమా. ఒప్పుకున్న. మరి మా అక్క ఏలుముద్ర ఏసిన కాయిదమేది?"

"అది వేరు. అది మంచిది."

"ఉన్నదా?"

సంచిలోనే ఉంది. పోస్టాఫీసుకు పోయే ధైర్యం ఆ మూడు రోజుల్లో కలగలేదు.

"చదువు" అంది బుచ్చవ్వ, తమ్ముడి భుజం పక్కనుంచి ముఖం బయటపెట్టి. "తెలుగుల చదువు. నడుమ మింగకు."

చూరు కింద నిలబడి మొదలుపెట్టాను. మొదటి పేజీ అద్భుతం. చదువు, రెండు పూటలా భోజనం, ఏటా రెండు జతల బట్టలు, కుట్టుపని, సంగీతం. చూరుల కింద ఆడవాళ్లు తలలూపారు. ఒక ముసలమ్మ, "సారూ, మా పోరిని గూడ రాసుకోన్రి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గొంతు పెంచాను. రెండో పేజీ తిప్పాను.

"ఆశ్రమమున ప్రవేశించిన బాలికను చూడవచ్చువారు ఏడాదికొకసారి, ముందుగా వ్రాతపూర్వకముగా అనుమతి పొంది..."

ఆగాను.

"మింగకన్న గద" అంది బుచ్చవ్వ.

"...అనుమతి పొంది రావలెను. బాలికను పదహారేళ్లు నిండువరకు వెనుకకు అడుగరాదు." మూడో పేజీ. "ఆశ్రమమువారు తమకు తగినదని తోచిన పేరును బాలికకు పెట్టవచ్చును. బంధువుల రాకపోకలు బాలిక మనసును చెదరగొట్టునని తోచినచో వాటిని ఆపవచ్చును. ఇదంతయు బాలిక..."

మేలు కోరియే. ఆ ముక్క నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. వచ్చిన గొంతు కూడా నాది కాదు, మైకుది.

సమ్మయ్య నిజంగానే అర్థంకాక, చాలా మర్యాదగా అడిగాడు. "గిది సినిమానా సారూ, కాయిదమా?"

"కాగితమే."

"చదివిన అన్నరు గద, ముద్ర ఏపిచ్చినప్పుడు?"

"మొదటి పేజీ చదివాను."

"పెద్ద చదువు చదివిన్రు" అన్నాడు సమ్మయ్య. వెటకారం కాదు. వినడానికి మటుకు వెటకారం కంటే కష్టంగా ఉంది.

ఇంతలో అతని చంక కిందనుంచి సారలమ్మ తల దూర్చింది. "సారూ, నా పేరు మార్చి ఏం పెడ్తరంట?"

"రాయలేదమ్మా."

"రాణి అని పెడ్తే నాకేం బాధ లేదు."

బుచ్చవ్వ దాని నెత్తి మీద ఒకటి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉంచుకుంది. తరువాత నన్ను కిందినుంచి మీదికి ఒకసారి చూసింది. నా పంచె మోకాళ్లదాకా తడిసింది. కళ్లద్దాలు వానకు మసకబారాయి.

"లోపలికి రా. తడిసినవ్. చాయ్ తాగి పో" అంది. "సదువు వద్దన్ననా నేను? సదివియ్యి. నా కండ్ల ముందట సదివియ్యి. పనికి మాత్రం ఇప్పుడే రాను. శనివారం సినిమా చూస్త. గందుల గా మాటలుంటే వస్త. లేకుంటే నీ దారి నీది."

ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక స్టీలు గ్లాసులో నాకు చాయ్ ఇచ్చారు. అంత కోపంలోనూ చక్కెర రెండు చెంచాలు వేసింది బుచ్చవ్వ. నేను అలా తాగుతానని ఆమెకు తెలుసు.

శనివారం హాలుకు వెళ్లేసరికి ముందు రెండు వరసలూ లాలాగూడతో నిండిపోయి ఉన్నాయి. సమ్మయ్య, అతని షిఫ్టు వాళ్లు, చూరుల కింద నిలబడ్డ ఆడవాళ్లు, ఆ ముసలమ్మతో సహా. మధ్యలో బుచ్చవ్వ, ఒళ్లో సారలమ్మ. పాల లచ్చయ్య, ఇస్త్రీ పోచయ్య తలుపు దగ్గర నిలబడ్డారు. ప్రొఫెసర్ల భార్యలు మూడో వరసలో సర్దుకున్నారు. అరుంధతిగారి ముఖం వెలిగిపోతోంది.

"చూశారా కేశవులుగారూ! కార్మికవర్గంలో విదేశీ డాక్యుమెంటరీల మీద ఎంత ఆసక్తి ఉందో!"

"ఉందమ్మా" అన్నాను.

నా మీద కేసు నడుస్తోందనీ, సాక్ష్యం ఇప్పుడు తెర మీద పడబోతోందనీ ఆవిడకు తెలియదు.

రాజలింగు దీపాలార్పాడు. తెర మీద ఎర్రమట్టి దారీ కాదూ, తెల్లమట్టి దారీ కాదూ, బూడిదరంగు దారి. లారీ వచ్చింది. నేను నోరు తెరిచాను. "తెల్లవారకముందే లారీ వస్తుంది..."

"ఆఁ! గిదే!" బుచ్చవ్వ గొంతు హాలంతా మోగింది. "గిదే మాట సమ్మిగా! ఇంటున్నవా? సారు అన్న మాట గిదే!"

"ఇంటున్నక్కా."

"...పిల్లలను దాచడానికి ప్రయత్నిస్తారు. పాపం, అది వారి అజ్ఞానం."

"గది గూడ అన్నడు!" ముందు వరసలో ఆనందం పొంగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర లచ్చయ్య, పోచయ్య ఒకరి ముఖమొకరు చూసుకుని, నా వైపు చూసి తలలు వంచారు. ఆ క్షణంలో నాకు పాలు, ఇస్త్రీ రెండూ తిరిగి వచ్చాయి. ఇంత బహిరంగంగా నిర్దోషినని తేలడం నా జీవితంలో అదొక్కటే.

"...కొత్త పేరు ఉంటుంది. పాత భాష మాట్లాడనివ్వరు."

"అన్నడు, అన్నడు. సారు అబద్ధం చెప్పలే. సినిమానే గిది" అంది బుచ్చవ్వ, పొంగిపోతూ.

తెర మీద అప్పుడు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. తెల్ల గౌన్లు, కొత్తగా కత్తిరించిన జుట్టు. కెమెరా ఒక్కొక్క ముఖమే చూపిస్తూ పోయి, చివర ఒక పిల్ల దగ్గర ఆగింది. ఎనిమిదేళ్లుంటాయి. నవ్వమని ఎవరో చెప్పినట్టుంది, నవ్వింది. చెప్పినవాళ్లు ఇంకా చూస్తున్నారేమోనని పక్కకు చూసింది.

బుచ్చవ్వ ఒళ్లోని పిల్లను కొంచెం దగ్గరికి లాక్కుంది.

"నా పోరి కాదు. సరే" అంది, ఇందాకటి గొంతుతో కాదు. "మరి గీ పోరి ఎవలది?"

నా చేతిలోని కాగితంలో తరువాతి వాక్యం తల్లి మరచిపోవడం గురించి. నేను మైకును నోటి దగ్గరనుంచి దించాను. సినిమాలోని ఇంగ్లీషాయన ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. తెలుగులో ఎవరూ ఏమీ చెప్పలేదు.

రెండో సినిమా పది నిమిషాలే. రేకుల ఇంటి ముందు ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. ముగ్గురు పిల్లల్ని పట్టుకుపోయారని చెబుతుంది. ఎక్కడికో, బతికున్నారో లేదో తెలియదని చెబుతుంది. అంతవరకే నేను తెలుగు చేయవలసి వచ్చింది. ఆ తరువాత ఆమె పిల్లల పేర్లు చెబుతుంది. పేర్లకు తెలుగు అక్కర్లేదు. ఆమె అన్నట్టే అన్నాను.

"డోరిస్."

"డోరీసు" అంది ముందు వరసలో ముసలమ్మ, మెల్లగా.

"ఆర్థర్."

"ఆర్తరు" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"ఎల్సీ."

"ఎల్సి" అన్నారు లాలాగూడ వాళ్లంతా. మూడో వరసలోంచి కూడా ఒకటి రెండు గొంతులు వినబడ్డాయి. అరుంధతిగారిది అందులో ఉందో లేదో చీకట్లో నాకు తెలియలేదు.

చర్చ జరగలేదు. దీపాలు వెలిగాక జనం వాన తగ్గేదాకా మెట్ల మీద నిలబడ్డారు. అరుంధతిగారు నా దగ్గరికి వచ్చింది. చాలాసేపు తన కళ్లద్దాలు తుడుచుకుని, అలవాటుకొద్దీ అడిగింది.

"ఆ అప్లికేషన్ పోస్టు చేశారా?"

"లేదమ్మా. చదివాను."

"ముందు చదవలేదూ?"

"మొదటి పేజీ చదివాను. మీరు?"

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "నేను కవరు మీద అడ్రసు చదివానండీ" అంది. "చాలా చక్కగా అచ్చు వేశారు."

కాగితం ఇచ్చాను. మెట్ల మీద దీపం కింద నిలబడి నాలుగు పేజీలూ చదివింది. తరువాత మడిచి తన సంచిలో వేసుకుంది. "తార్నాకలో ఆడపిల్లల బడి హెడ్మిస్ట్రెసు నాకు తెలుసు. సోమవారం వెళదాం. మీరూ, నేనూ... ఆవిడా" అని బుచ్చవ్వ వైపు చూసింది. ఆవిడ ఒక పనికి మరొకరిని అధ్యక్షురాలిగా ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున పొయ్యి వెలిగింది. బుచ్చవ్వ వారం దాకా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. రోజూ కాకరకాయే వండింది. నేను కిక్కురుమనకుండా తిన్నాను.

సారలమ్మ బడిలో చేరింది. రెండు నెలలు ఆలస్యమైనా పేపరు చదివి వినిపిస్తే హెడ్మిస్ట్రెసు రెండో తరగతిలో కూర్చోబెట్టింది. అయితే బుచ్చవ్వకు బడి మీద ఇంకా నమ్మకం కుదరలేదు. పొద్దున పిల్లను లోపలికి పంపి, గేటు పక్కన రాయి మీద కూర్చుండిపోయింది.

"సాయంత్రం ఇస్తారు బుచ్చవ్వా" అన్నాను.

"ఇచ్చినంక నమ్ముత."

మొదటి రోజు ఇచ్చారు. రెండో రోజూ కూర్చుంది. "నిన్న ఇచ్చిన్రు. ఇయ్యాల సంగతి ఏమెర్క?" ఇంటర్వెల్ గంట కొట్టినా లేచి నిలబడేది. పిల్లలు మంచినీళ్లు తాగి లోపలికి పోతే మళ్లీ కూర్చునేది. దాంతో మా ఇంట్లో మధ్యాహ్నం వంట లేదు. నేనే అన్నం, పప్పు వండి, క్లాసుకూ క్లాసుకూ మధ్య టిఫిను డబ్బాలో పెట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. నేను వండిన పప్పు మొదటి ముద్ద తిని బుచ్చవ్వ చాలాసేపు నమిలింది.

"మీరు ఇంగ్లీషే చెప్పుకోన్రి సారూ" అంది. 'మీరు' తిరిగి వచ్చింది. ఆ ఒక్క మాట కోసం ఇంకో నెల వండమన్నా వండేవాణ్ణి.

తొమ్మిదో రోజు డబ్బా పట్టుకుని వెళితే రాయి ఖాళీగా ఉంది.

నమ్మకం కుదిరిందన్నమాట. ఇంటికెళ్లి వంట చేస్తోందన్నమాట. నేను సంతోషించి వెనక్కి తిరగాలి. రెండింటికి క్లాసుంది. లోపల పిల్లలు ఎక్కం చదువుతున్నారు. నలభై గొంతుల్లో ఏ గొంతు సారలమ్మదో తెలియడం లేదు. ఆ గొంతేదో తెలిశాక వెళదామని రాయి మీద కూర్చున్నాను. ఎక్కం అయిపోయింది. పాట మొదలైంది. చినుకులు పడితే గొడుగు విప్పుకున్నాను. ఇంటర్వెల్ గంట కొట్టారు. లేచి నిలబడ్డాను. పిల్లలు నీళ్లు తాగి లోపలికి పోయారు. మళ్లీ కూర్చున్నాను.

నాలుగింటికి గేటు తీశారు. సారలమ్మ పలక నెత్తి మీద పెట్టుకుని అందరికంటే వెనక వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"అవ్వ ఇయ్యాల్టి సంది రానన్నది గద సారూ. మిమ్ముల ఎవలు కూసోమన్నరు?"

"ఎవరూ అనలేదు."

"మీకు క్లాసు లేదా?"

"ఉండింది."

అది నా చేతిలోని డబ్బా మూత తీసి వాసన చూసి, మూత పెట్టేసింది. నా ముఖంలోకి కాసేపు చూసింది. ఏమనుకుందో, పలక నా చేతికిచ్చి, నా గొడుగు తను అందుకుంది. అది పట్టుకుంటే గొడుగు నా భుజం దాకానే వచ్చింది.

"నడువున్రి సారూ" అంది. "ఇంటికి తోల్కపోత."